దేవుడు చూస్తున్నాడు అనే మాట

మా వదినది ఒంగోలు దగ్గర పల్లె. అన్నయ్యకు పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగం రావడంతో ఆమె పెళ్లయిన ఏడాదే చెన్నైకి వచ్చింది. ఆయన పోయిన తరువాత కూడా ఇక్కడే కొడుకు దగ్గర ఉంటూ, ఎనిమిదేళ్ల మనవడినీ అయిదేళ్ల మనవరాలినీ కనిపెట్టుకుని ఉంటోంది. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి, పిల్లలు బడి నుంచి వచ్చింది మొదలు దీపాలు పెట్టే వేళ వరకు వినే తెలుగు అంతా ఆమె నోటి నుంచి వచ్చేదే. ఆమె తెలుగులో బైబిలు మాట ఎక్కడ మొదలై ఇంటి మాట ఎక్కడ ముగుస్తుందో విడదీయడం కష్టం.

క్రిందటి నెలలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసి భోజనాలయ్యాక, ఆమె పిల్లల్ని నిద్రపుచ్చుతుండగా, మిద్దె మీద నీడలో ఆమె కూతురూ కొడుకూ, ఆ బైబిలు మాటలు పిల్లలకు మేలు చేస్తున్నాయా, భయం నేర్పుతున్నాయా అని వాదించుకున్నారు. బాబాయిగా నేను అక్కడే కూర్చుని విన్నాను. విన్నదానిని రాతకు తగినట్టు సరిచేసి ఇక్కడ ఇస్తున్నాను. వాదం మొదలైనప్పుడు నేను పూర్తిగా అక్క పక్షాన ఉన్నాను. ముగిసేటప్పటికి అంత పూర్తిగా లేను.

తమ్ముడు: అక్కా, అమ్మ ప్రేమ మీద నాకు సందేహం లేదని ముందే చెబుతున్నాను. పదిహేను రోజుల కిందట పాపకు జ్వరం వచ్చింది. అర్ధరాత్రి నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే ఆ పిల్ల కళ్లు తెరిచి, "నాన్నా, బెల్లం తిని కూడా తినలేదని చెప్పాను కదా, దేవుడు చూశాడు, అందుకేనా నాకు జ్వరం వచ్చింది?" అని అడిగింది. డబ్బా మూత తీసిన ప్రతిసారీ అమ్మ "దేవుడు చూస్తున్నాడు" అంటుంది. అయిదేళ్ల పిల్ల ఆ మాటను తనకు తోచినట్టు జ్వరంతో కలుపుకుంది. బడిలో చెప్పిన పాఠమైతే నేను సరిదిద్దగలను. కానీ అన్నం ముద్దతో పాటు లోపలికి పోయిన మాటను ఎలా బయటికి తీయాలి?

అక్క: ఆ ప్రశ్న నీకు వేసి పాప ఊరుకోలేదు. తెల్లవారాక అమ్మను కూడా అడిగింది. అమ్మ ఆ రోజే నాకు ఫోన్ చేసి, చెబుతూ ఏడ్చింది. పాపను ఒళ్లో పెట్టుకుని యేసు శిష్యుడు పేతురు అత్తగారి కథ చెప్పిందట. ఆ పెద్దావిడ జ్వరంతో పడి ఉంటే యేసు ఆ ఇంటికి వెళ్లి, నువ్వేం తప్పు చేశావని అడగకుండా, చెయ్యి పట్టుకుని లేవనెత్తాడు. "జ్వరం జ్వరమే తల్లీ, నేను నిన్ను భయపెట్టాను, నన్ను క్షమించు" అని అడిగి, ఆ పిల్ల ముందే దేవుణ్ని కూడా క్షమాపణ అడిగిందట. అరవై ఎనిమిదేళ్ల మనిషి అయిదేళ్ల పిల్లను క్షమించమని అడగడం మన బంధువుల్లో నువ్వు ఎక్కడైనా చూశావా? పాపకు విశ్వాసం గురించి ఏ బళ్లోనూ దొరకని పాఠం ఆ ఉదయం దొరికింది.

తమ్ముడు: ఆ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఇంత కటువుగా మొదలుపెట్టేవాణ్ని కాదు. అయినా నా అభ్యంతరం తీరలేదు. బాబుకు సంక్రాంతి నాడు కింది ఇంటి స్నేహితుడు చక్కెర పొంగలి తెచ్చి ఇస్తే, "ఇది మన దేవుడికి ఇష్టం ఉండదు" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ పిల్లవాడు గిన్నె పట్టుకుని మెట్లు దిగుతుంటే నేను చూశాను. మనవాడు ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో నీకు చెప్పనక్కరలేదు.

అక్క: దానికి నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు నేను కూడా అలాగే ఒక స్నేహితురాలికి తిరిగి ఇచ్చేశాను. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఇళ్లలో ఈ ప్రశ్నకు పెద్దలు చెప్పిన జవాబులు ఒక్కొక్కరివి ఒక్కో రకం, ఏదీ ఆ మెట్లు దిగిన పిల్లవాడికి సరిపోయేది కాదు.)

తమ్ముడు: నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇది. మన సంఘం పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వదు. మనిషి ఎదిగి, తెలిసి, తన నోటితో ఒప్పుకున్నప్పుడే నీళ్లలోకి దింపుతుంది. అమ్మ గర్వంగా చెప్పే కథే తీసుకో. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో 3½ మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం అడిగినా, తిండి కోసం అడుగుతున్నారేమో అన్న సందేహంతో కరువు తీరేదాకా ఎవరికీ ఇవ్వలేదు. అన్నం పెట్టే చేతికి ఎదురుచెప్పలేని మనిషి ఇచ్చే ఒప్పుకోలును ఆయన ఒప్పుకోలుగా లెక్కపెట్టలేదు. మన పిల్లల స్థితి దానికంటే వేరు కాదు. వాళ్ల ఆకలి, నిద్ర, భయం అన్నీ అమ్మ చేతిలో ఉన్నాయి. ఆమె దేవుణ్ని కాదనడమంటే వాళ్లకు ఆమె ఒడిని కాదనడమే అవుతుంది.

అక్క: బాగా చెప్పావు, కానీ ఆ కథను సగంలో ఆపావు. దొర ఆపింది బాప్తిస్మాన్నే గాని మాటను కాదు. ఆ కాలువ పని మీద మేస్త్రీలుగా పెట్టినవాళ్లు ఆయన బోధకులే. కూలీలు అలసి కాసేపు కూర్చున్నప్పుడల్లా వాళ్ల మధ్య కూర్చుని సువార్త చెప్పారు. ఆ మాటలు లోపల నానడానికి నెలలు పట్టింది. కూలి ఆగిపోయిన తరువాత, ఇక పెట్టేదేమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు కాబట్టే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. పిల్లల ఒప్పుకోలుకు తొందర లేదని నువ్వంటే నేనూ సరేనంటాను. ఒప్పుకోలు వచ్చేదాకా మాటే వద్దంటే, రేపు వాళ్లు దేనిని ఒప్పుకోవాలో, దేనిని కాదనాలో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

తమ్ముడు: మాట వద్దనడం లేదు. ఏ మాట అన్నదే నా ప్రశ్న.

అక్క: అయితే ఆమె మాటలన్నీ లెక్కలోకి తీసుకో. బీచ్ నుంచి వేళచ్చేరికి పోయే పై రైలులో పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, తిరువల్లిక్కేణి దగ్గర కింద కనిపించే ఆ నల్లటి మురుగునీళ్లను చూపించి, "ఈ కాలువే మన ఊళ్ల వైపు నుంచి వస్తుంది, అక్కడ దీన్ని తవ్వినవాళ్లలో మా ముత్తాత ఉన్నాడు" అని చెబుతుంది. ఆ ముత్తాతను ఊరి బావి దగ్గరికి రానివ్వలేదని కూడా చెబుతుంది. అందుకే మన వీధి ఊడ్చే మనిషి వస్తే, "ముందు నీళ్లియ్యి, తరువాత మాట్లాడు" అని బాబును పంపుతుంది. ప్లాస్టిక్ గ్లాసులో కాదు, మనం తాగే స్టీలు గ్లాసులో. కుండ పగిలితే "పోనీలే, నీకు తగల్లేదు కదా" అంటుంది. ఊరు వెళ్లేముందు "ప్రభువు చిత్తమైతే" అంటుంది. వండబోయే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతూ, అవి ఎవరికోసమో పాప చేత చెప్పిస్తుంది. వీటిలో ఏది భయం నేర్పుతోంది?

తమ్ముడు: ఏదీ నేర్పడం లేదు.

అక్క: మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు బాబు చెల్లెలితో "భయపడకుడి" అన్నాడని నువ్వే నాకు నవ్వుతూ చెప్పావు. ఒక్క పిల్లకు "భయపడకుడి" అనకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు. బడిలో ఇంగ్లీషు, ఆటలో తమిళం మాట్లాడే పిల్లవాడికి, చీకట్లో చెల్లెలికి ధైర్యం చెప్పాల్సి వచ్చినప్పుడు నాయనమ్మ బైబిలు తెలుగే నోటికి వచ్చింది.

తమ్ముడు: ఆ మాట విని నేను సంతోషించాను, కాదనను. కానీ అక్కా, అదే చీకట్లో "దేవుడు చూస్తున్నాడు" అని ఎవరైనా అంటే పాప ధైర్యపడుతుందో, దుప్పటి ముసుగేసుకుంటుందో నాకు తెలియదు. ఆ ఒక్క మాట ఈ ఇంట్లో బెల్లం డబ్బా దగ్గరే ఎక్కువగా వినబడింది.

అక్క: ఇందులో నువ్వన్నదే నిజం. ఆ మాటను బైబిల్లో ఎవరు పలికారో ఒకసారి తలచుకో. యజమానురాలు శారా పెట్టిన బాధ పడలేక, కడుపుతో ఉండి అడవిదారి పట్టిన దాసి హాగరు, నీటి ఊట దగ్గర దేవునికి "చూచుచున్న దేవుడు" అని పేరు పెట్టింది. ఆమె దొంగతనం చేస్తూ పట్టుబడి పలికిన మాట కాదది. లోకంలో ఎవరికీ పట్టని తనను ఒకరు చూశారన్న ఆశ్చర్యంతో పలికిన మాట. అమ్మకు ఆ కథ కంఠతా వచ్చు. అయినా డబ్బా మూత చప్పుడు వినగానే ఆ మాటను బెత్తంలా వాడుతుంది, ఎందుకంటే ఆమె చిన్నప్పుడు ఆమె మీద కూడా అలాగే వాడారు.

తమ్ముడు: నువ్వైనా ఆమెకు చెప్పు. నేను చెబితే కోడలు చెప్పించిందని అనుకుంటుంది.

అక్క: నేను చెప్పను. కారణం కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకు. పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో, ఆ కుర్రవాడి విశ్వాసం ముందు అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని రాశాడు. తండ్రి ప్రస్తావన అక్కడ లేదు. అతను గ్రీసు దేశస్థుడని మాత్రం అపొస్తలుల కార్యములలో ఉంది. ఈ ఇంట్లో రాత్రి ఏడున్నర ప్రార్థనకు నువ్వు కూర్చుని ఎన్ని నెలలైంది? ల్యాపుటాపు ముందు నుంచి లేవవు. పిల్లలకు దేవుణ్ని గురించి చెప్పే పని మొత్తం ఒక ముసలావిడ మీద వదిలేసి, ఆమె చెప్పిన వంద మాటల్లో ఒకటి తప్పిందని మిద్దె ఎక్కి నాతో వాదిస్తున్నావు. ఆమె మాట ఒక్కటే వినబడుతున్నందుకే అది అంత బరువుగా ఉంది.

(తమ్ముడు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. అక్క మరీ గట్టిగా అన్నదని నాకు అనిపించింది. అయితే అబద్ధం అన్నదని అనిపించలేదు.)

తమ్ముడు: సరే. ఈ రాత్రి నేను కూర్చుంటాను. ఆదికాండము 16వ అధ్యాయం నేనే చదువుతాను, హాగరు కథ. అమ్మ వింటుంది, పిల్లలూ వింటారు. కానీ అందులో దేవదూత ఆమెను ఆ యజమానురాలి దగ్గరికే తిరిగి వెళ్లి అణగి ఉండమంటాడు. బాబు ఊరుకోడు, ఎందుకు వెళ్లమన్నాడని అడుగుతాడు. ఏం చెప్పాలో నాకు తెలియదు.

అక్క: తెలియదనే చెప్పు. తరువాత అమ్మను అడుగు, పిల్లల ముందే అడుగు. ఆమె దగ్గర నీకు తెలియని జవాబు ఏదైనా ఉండవచ్చు.

తమ్ముడు: లేకపోతే?

అక్క: లేకపోతే నలుగురూ కలిసి ఆ ప్రశ్న మీదే ప్రార్థన చేసి పడుకోండి. ఏడున్నరకు ఆలస్యం చేయకు, పాప అప్పటికే తూగుతూ ఉంటుంది.