ఐదేళ్ల ఫెలోషిప్పుతో ఇరవయ్యేళ్ల జబ్బును చదవగలమా?

మా పిన్ని కూతురు హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో థైరాయిడ్ క్యాన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. పొద్దస్తమానం మైక్రోస్కోప్ ముందే ఉంటుందనుకునేవాణ్ణి. మొన్న వెళ్తే ఫోన్ పట్టుకుని కూర్చుంది, ముందర అంచులు చిరిగిన రిజిస్టరు, అందులో పదేళ్ల కిందట ఆపరేషన్ అయినవాళ్ల నంబర్లు. చాలావరకు పనిచెయ్యవు, కొన్ని భర్తవి, కొన్ని కొడుకువి. నల్గొండ వైపు ఒక పెద్దావిడ మాత్రం ఫోనెత్తి, ఫలానా అని చెప్పగానే కాసేపు పలకలేదు. తర్వాత "మల్లొచ్చిందా బిడ్డా?" అంది. "లేదమ్మా, ఎట్లున్నరో అడుగుదామని చేసిన" అని ఆవిడకి ధైర్యం చెప్పేసరికి పావుగంట. ఆ పూటంతా కూర్చుంటే మా చెల్లికి దొరికిన సమాచారం నలుగురిది.

ఈ క్యాన్సర్ని అర్థం చేసుకోవాలంటే ఆ ఫోన్లే ముఖ్యం. థైరాయిడ్ క్యాన్సర్లలో సుమారు 80 శాతం పాపిల్లరీ రకం, నెమ్మదిగా పెరుగుతుంది, చాలామందికి ప్రాణం మీదికి రాదు. అందుకే "మంచి క్యాన్సర్" అనేస్తుంటారు, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గ్రంథి మొత్తం తీసేస్తే బతికినన్నాళ్లూ పరగడుపున మాత్ర వేసుకోవాలి. దాన్ని అంటుకుని ఉండే పారాథైరాయిడ్లు, అంటే ఒంట్లో కాల్షియంని అదుపులో ఉంచే చిన్న గ్రంథులు, దెబ్బతింటే కాల్షియం పడిపోయి వేళ్లు కొంకర్లు పోతాయి, పక్కనున్న నరానికి తగిలితే గొంతు బొంగురుపోతుంది. ఇక అనాప్లాస్టిక్ రకమైతే నెలల్లోనే మనిషిని తీసుకుపోతుంది.

కాబట్టి ఏ గడ్డని కొయ్యాలి, దేన్ని వదిలెయ్యాలి అన్నదే అసలు ప్రశ్న. దక్షిణ కొరియాలో 1999లో క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలయ్యాక, దాంతోపాటు మెడకి అల్ట్రాసౌండ్ తీయించుకోవడం కూడా మామూలైపోయి, 2011 నాటికి కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం ఎన్నున్నాయో అన్నే. జపాన్‌లో కోబెలోని కుమా ఆస్పత్రి 1993లోనే ఎదురుదారి పట్టింది: సెంటీమీటరు లోపు గడ్డల్ని, రోగి ఒప్పుకుంటే, కొయ్యకుండా క్రమం తప్పకుండా చూస్తూ వచ్చింది. పదేళ్లలో 3 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో పెరిగినవి నూటికి 8 మాత్రమే. ఈ సంగతి తేలడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేకపోయింది, ఏళ్ల తరబడి రోగుల్ని వదలకుండా చూసుకునే మనుషులు కావాల్సొచ్చింది.

మన దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మూడేళ్లు 42,000. అదీ నెలనెలా పడితే. ఈ ఐదేళ్లలో పేపర్లు రావాలి, అందుకని అందరూ తొందరగా ఫలితమొచ్చే ప్రయోగాలకే పోతారు, వాళ్లని తప్పుపట్టలేం. ఆ తొందర ఎంతదూరం తీసుకెళ్లిందో 2008లో బయటపడింది: ప్రపంచమంతా వాడుతున్న 40 థైరాయిడ్ క్యాన్సర్ సెల్ లైన్ల (ప్రయోగాల కోసం ల్యాబుల్లో ఏళ్ల తరబడి పెంచుతూ వచ్చే కణాల) డీఎన్ఏ పరీక్షిస్తే 23 మాత్రమే వేర్వేరువని తేలింది, కొన్నయితే థైరాయిడ్ కణాలే కావు, ఒకటి పెద్దపేగు క్యాన్సర్‌ది, ఇంకొకటి చర్మ క్యాన్సర్‌ది! వాటి మీద ఎన్ని థీసిస్‌లు రాసుంటారో.

క్యాన్సర్ ఆపరేషన్లు చేసే ప్రతి పెద్దాస్పత్రిలో రోగుల్ని ఏటా పలకరించే ఉద్యోగం ఒకటి పర్మనెంటుగా ఉండాలి, పరిశోధన నిధుల్లో దానికి విడిగా పద్దు ఉండాలి. వచ్చే మార్చికి మా చెల్లి ఫెలోషిప్పు అయిపోతుంది. వచ్చే ఏడాది ఫోన్ చెయ్యమని నల్గొండ ఆవిడే తన మనవడి నంబరు కూడా ఇచ్చింది, రిజిస్టరు అంచున పెన్సిల్‌తో రాసిపెట్టుకుంది మా చెల్లి.