ఖైదీ ఒక్కడే, నేరం అప్‌లోడ్

మా సర్వర్‌లో ఒక జైలుంది. ఖైదీ ఒక్కడే. రోజుకో ఫైల్ అప్‌లోడ్ చేసుకుంటానని అడగడమే వాడు చేసిన నేరం.

ఇంత ఘోరానికి ఒడిగట్టినవాణ్ణి ఊరికే వదలకూడదని పైనుంచి ఆదేశం వచ్చింది. వెంటనే సీహెచ్‌రూట్ అనే సదుపాయాన్ని దింపాం. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన పెద్దమనిషి. ఒక ఫోల్డర్ చూపించి 'నీకు లోకమంటే ఇదే' అని నమ్మించడం ఆయన పని. లోపలున్నవాడు రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్ అయితే మాత్రం గోడ దూకి వచ్చేస్తాడు. అది వేరే సంగతి.

జైల్లో బాష్ పెట్టాం. మనం కొట్టే కమాండ్లు అందుకుని నడిపే షెల్ అది. నడపబోతే 'అలాంటి ఫైలూ లేదు, ఫోల్డరూ లేదు' అంది. బయటి నుంచి ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొడితే నిక్షేపంగా ఉంది. మళ్లీ నడిపాం. లేదంది. మళ్లీ చూశాం. ఉంది. గుమ్మంలో నిలబడి 'ఆయన ఇంట్లో లేరండీ' అని తనే చెప్పే మనిషిలాగా! పూట గడిచాక తెలిసింది: లేనిది బాష్ కాదు, దాన్ని నిద్ర లేపే లోడర్. ఎల్‌డీడీ కొట్టి బాష్ గారు నడవాలంటే వెంట ఉండాల్సిన బంధువుల జాబితా తీశాం. లిబ్‌సీ, లిబ్‌టిన్ఫో అనే లైబ్రరీలు, ఆ లోడరూ... అందరినీ సకుటుంబంగా జైలుకి తరలించాం.

తీరా చూస్తే, ఫైల్ పడేసి పోయేవాడికి షెల్లే అక్కర్లేదు. ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ అని సెట్టింగుల్లో ఒక్క మాట రాస్తే ఈ బంధుగణం ఎవరూ అవసరం లేదు. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2008 నుంచీ ఉన్న సదుపాయమే. మాన్యువల్ తెరిస్తే కదా!

సరే, అదీ పెట్టాం. జైలు ఫోల్డర్ రూట్ పేరునే ఉండాలి, ఇంకెవరికీ రాసే హక్కు ఉండకూడదు. మా వాడొకడు అలవాటుగా 777 కొట్టి, అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేశాడు. ఇక లాగిన్లు చూసుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఖైదీ దగ్గర పాస్‌వర్డ్ మర్యాదగా తీసుకుని, ఆ తర్వాత బయటికి గెంటడం మొదలుపెట్టింది. జైల్లోకి రానివ్వండి మొర్రో అని ఖైదీ రెండు రోజులు బతిమాలాడు.

పోయిన వారం సర్వర్‌లో ఒక డైరెక్టరీ మొత్తం ఎగిరిపోయింది. మీటింగ్ పెట్టారు. మొదటి అనుమానం ఎవరి మీద? ఖైదీ మీదే! వాడికి కనిపించేది ఒక్క అప్‌లోడ్ ఫోల్డరయ్యా! పోయిన డైరెక్టరీ ఈ లోకంలో ఉందని కూడా వాడికి తెలీదు. రూట్ పాస్‌వర్డ్ మూడేళ్లుగా ఆఫీస్ గ్రూప్‌లో పిన్ చేసి ఉంది. అందరూ రూట్‌గానే దూరతారు, లాగ్ తిరగేస్తే రూట్ అన్న పేరు తప్ప ఏమీ దొరకదు. ఆ గ్రూప్‌లో లేనిది ఖైదీ ఒక్కడే! అలాంటివాణ్ణి నిలబెట్టి సంజాయిషీ అడగడానికి సిగ్గుండాలి. పాస్‌వర్డ్ పిన్ చేసిన మహానుభావుడే ఆ మీటింగ్‌కి అధ్యక్షుడు.

చివరికి భద్రత పెంచాలని తీర్మానించి, ఖైదీకి అప్‌లోడ్ ఫోల్డర్‌లో ఉన్న రాసే హక్కు కూడా పీకేశారు. పాస్‌వర్డ్ మాత్రం పిన్ చేసిన చోటే భద్రంగా ఉంది.

నిన్న వాడే ఫోన్ చేశాడు. "అన్నా, ఫైల్ మెయిల్‌లో పంపించెయ్యనా?"

పంపించెయ్యమన్నాను.