అన్నిటికీ నేనే అనుకునే వాలే తెల్ల మిశ్రమానికి బహిరంగ లేఖ

స్విట్జర్లాండ్, వాలే లోయ వాస్తవ్యులైన శ్రీ తెల్ల వైన్ మిశ్రమం గారికి,

నమస్కారం. సీసా ముందు 'ఆసాంబ్లాజ్ బ్లాన్', అంటే తెల్ల మిశ్రమం, అని దర్జాగా రాయించుకుంటారు. లోపల ఏ ద్రాక్ష ఎంతుందో చాలాసార్లు చెప్పరు. వెనక్కి తిప్పితే ఒకటే పాట: చేపలకి, చీజ్‌కి, తెల్ల మాంసానికి, భోజనానికి ముందు ఒక గుక్కకి. ఆ మాట మంచినీళ్ల సీసా మీదా రాయొచ్చు కదండీ.

మీ ఉమ్మడి కుటుంబం గుట్టు తెలియనిదేం కాదు. మీ లోయలో ఫాందాన్ అని పిలిచే షాస్లా ద్రాక్ష మెతక, పులుపు తక్కువ. పెటిట్ ఆర్విన్ పులుపు గడుసుది, మింగాక నాలుక మీద ఉప్పదనం కూడా వదుల్తుంది. విస్పెర్టెర్మినెన్ దగ్గర 1,100 మీటర్ల ఎత్తున పండే హైడా ద్రాక్ష ఇంకో ఘటం. ఇంట్లో ఎవరి మాట చెల్లుతోందో తెలియకుండా మిమ్మల్ని ఏ వంటకి పిలవమంటారు? షాస్లాది పైచేయైతే వెన్నలో వేయించిన సరస్సు పెర్చ్ చేప సరి. దాని మీద నిమ్మకాయ ధారాళంగా పిండారా, మీరు చప్పబడిపోతారు. ఆర్విన్‌దైతే చీజ్ కరిగించి వడ్డించే రాక్లెట్, లేదా మీ ఊరి ఎండుమాంసం పల్చటి ముక్కలు.

నిజానికి మీ సత్తా తేలేది పొయ్యి మీద. వైన్‌లో చీజ్ కరిగించి రొట్టె ముక్కలు ముంచుకు తినే ఫాండ్యూ, రెండు చీజ్‌లూ సగం సగం, నలుగురికి: గ్రూయేర్ చీజ్ 400 గ్రాములు, వాష్రాన్ ఫ్రిబూర్జువా చీజ్ 400 గ్రాములు, తమరు 3 డెసీలీటర్లు, కార్న్‌ఫ్లోర్ 3 టీస్పూన్లు, కిర్ష్ అనే చెర్రీ సారా ఓ చిన్న గ్లాసు. పిడి ఉన్న మట్టిగిన్నె లోపల వెల్లుల్లి రుద్ది, మిమ్మల్ని ఆవిరి లేచేదాకా కాచి, గ్రూయేర్ తురుము గుప్పెడు గుప్పెడుగా వేస్తూ చెక్కగరిటెతో ఎనిమిది అంకె చుట్టినట్టు కలపాలి. కిర్ష్‌లో కలిపిన కార్న్‌ఫ్లోర్ పోసి, చిక్కబడ్డాక సెగ బాగా తగ్గించి, అప్పుడు వాష్రాన్. అది కుతకుతలాడితే చెడుతుంది.

ఇక్కడ బయటపడుతుంది మీ మెతకదనం. చీజ్‌లో ప్రొటీన్లని గట్టిగా పట్టి ఉంచేది కాల్షియం. మీ పులుపు దాన్ని లాగేస్తేనే చీజ్ నునుపుగా కరుగుతుంది. పులుపు చాలకపోతే అడుగున జిగట ముద్ద, పైన నూనె తెట్టు. వంటమనిషి కంగారుపడి మంట పెంచాడంటే ఇంకా విరుగుతుంది. చెంచా నిమ్మరసం, చల్లటి వైన్‌లో కలిపిన ఇంకో చెంచా కార్న్‌ఫ్లోర్ వేసి గిలక్కొడితేనే మీ పరువు దక్కుతుంది. పేరు మాత్రం మీకే!

పైగా ఫాండ్యూతో చన్నీళ్లు తాగితే చీజ్ కడుపులో గడ్డకడుతుందనీ, తెల్ల వైనో వేడి టీయో తాగాలనీ మీ దేశంలో ఓ నమ్మకం. జూరిక్ యూనివర్సిటీ ఆసుపత్రి వాళ్లు 20 మందికి ఫాండ్యూ పెట్టి, వైన్‌తో, బ్లాక్ టీతో పోల్చి చూశారు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వచ్చింది: కడుపు ఆలస్యంగా ఖాళీ అయింది మీతోనే. ఖండన ఏమైనా ఇస్తారా?

ఫ్రిజ్‌లోంచి తిన్నగా గ్లాసులోకి రాకండి. 4 డిగ్రీల దగ్గర మీ వాసన ముడుచుకుపోతుంది. షాస్లా వాటా ఎక్కువైతే 8 నుంచి 10 డిగ్రీలు; ఆర్విన్, హైడాలైతే 10 నుంచి 12 డిగ్రీలు.

సూట్‌కేసులో ఆవకాయ మోసుకొచ్చే మావాళ్లతో మాత్రం పెట్టుకోకండి. ఆ కారానికి మీ ఆల్కహాల్ తోడైతే మంట ఎగదోస్తుంది, మీ సువాసన సోదిలో కూడా ఉండదు. పక్కన పెరుగన్నం చాలు వాళ్లకి.

ఇట్లు,
గరిటె తిప్పేవాళ్లు