నిబంధన చాటున దాక్కునే విచక్షణ

ఆన్‌లైన్ సమూహాల్లో ఏదైనా పోస్టు తొలగించినప్పుడల్లా ఒకే వాదన మొదలవుతుంది: నిబంధనల్లో లేని కారణంతో ఎలా తీసేస్తారని ఒక పక్షం, ఆ మాత్రం అధికారం లేకపోతే గ్రూపు నడిచేదెలాగని రెండో పక్షం. నేను రెండో పక్షానికే దగ్గర. నిబంధనను అక్షరాలా పాటిస్తూనే ఎదుటివారిని విసిగించి వెళ్లగొట్టే విద్యలో ఆరితేరినవారు అంతటా ఉంటారు. వారు ఒక్క తిట్టు వాడరు. ఇచ్చిన ఆధారాన్నే మళ్లీ మళ్లీ, ఎంతో మర్యాదగా అడుగుతుంటారు. వారిని ఆపగలిగేది మోడరేటర్ విచక్షణే తప్ప ఏ నిబంధనావళీ కాదు.

ఇంగ్లీషు వికీపీడియాలో ఒక పేజీలో 24 గంటల్లో ఇతరుల మార్పులను మూడుసార్లకు మించి రద్దు చేయకూడదన్న నియమం ఉంది. లెక్క స్పష్టంగానే ఉన్నా, మూడుసార్లు రద్దు చేయడం ఎవరి హక్కూ కాదని, ఆ హద్దు దాటకపోయినా ఒకరి మార్పులను ఒకరు పదేపదే రద్దు చేసుకునే దిద్దుబాటు యుద్ధానికి దిగితే ఆ సభ్యుణ్ని మార్పులు చేయకుండా నిరోధించవచ్చని (బ్లాక్) అక్కడే రాసి పెట్టారు. విచక్షణ లేని నిబంధన ఎటు పోతుందో 2016లో ఫేస్‌బుక్ చూపించింది: వియత్నాం యుద్ధంలో నాపామ్ అగ్ని బాంబుల దాడి నుంచి పరుగెడుతున్న బాలిక ఫొటోను నగ్నత్వ నిబంధన కింద తొలగించి, దానిని పెట్టిన నార్వే ప్రధాని ఎర్నా సోల్బర్గ్ పోస్టును కూడా తీసేసి, విమర్శలు చెలరేగాక వెనక్కి తగ్గింది.

కాబట్టి నా అభ్యంతరం విచక్షణపై కాదు, అది ముసుగు వేసుకోవడంపైనే. 'సమూహ వాతావరణాన్ని చెడగొట్టరాదు' వంటి ఎటైనా సాగే వాక్యాన్ని నిబంధనల్లో చేర్చి, తమకు నచ్చని పోస్టునల్లా దాని కింద తొలగించి, 'నేను నిబంధన అమలు చేశానంతే' అని చేతులు దులుపుకునే అడ్మిన్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నిర్ణయం మీదే అయినప్పుడు మీదేనని చెప్పండి. 'ఇది ఏ నిబంధనకూ విరుద్ధం కాదు, కానీ ఈ చర్చ ఇక ముందుకు సాగదనిపించి ఆపుతున్నాను' అని రాస్తే, ఒప్పుకోనివారికి కూడా దేనితో విభేదించాలో తెలుస్తుంది.

జీతం లేకుండా పనిచేసేవారు ప్రతిదానికీ కారణం రాస్తూ కూర్చోలేరన్నది న్యాయమైన మాటే. స్పామ్‌కు సంజాయిషీ అక్కరలేదు. పోస్టు తీసేస్తే కారణం తెలపాలని వేదికలు నడిపే సంస్థలను ఆదేశించిన ఐరోపా సమాఖ్య 2022 నాటి డిజిటల్ సేవల చట్టం సైతం, మోసపూరితంగా కుప్పలుతెప్పలుగా వచ్చే వాణిజ్య ప్రచారాన్ని మినహాయించింది. చర్చలో నిజంగా పాల్గొంటున్న సభ్యుడి పోస్టు తీసేటప్పుడు మాత్రం ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం కూడా రాయడానికి చేయి రాకపోతే, సమస్య సమయం లేకపోవడం కాదేమోనని నా అనుమానం.

అన్నిటికన్నా చేటు చేసేది మరొకటి ఉంది: వాదనలో తానే ఒక పక్షమై, మాట నెగ్గకపోయేసరికి అడ్మిన్ హోదాలో థ్రెడ్‌కు తాళం వేయడం. తాము పాల్గొన్న వివాదంలో నిర్వాహకులు ఆ అధికారాలు వాడకూడదని వికీపీడియా అంటుంది. అక్కడ నిరోధాల చిట్టా బహిరంగం, నిరోధం ఎత్తేయమన్న అభ్యర్థనను చూసేది మరో నిర్వాహకుడు. చిన్న గ్రూపుకు ఇంత తతంగం అక్కరలేదు, నిర్ణయాన్ని తోటి మోడరేటర్‌కు వదిలేస్తే సరిపోతుంది. అడ్మిన్ ఒక్కరే ఉన్నచోట అదెలా కుదురుతుందంటారు. అక్కడ రెండో అడ్మిన్‌ను ఎందుకు పెట్టుకోరని అడిగి చూడండి. ఆ పోస్టు కూడా 'వాతావరణం చెడగొట్టిందని' మాయమైతే ఆశ్చర్యపోకండి.