సన్న పైపు ఎక్కువ లాగదు

కార్పెంటర్ల వాట్సాప్ గ్రూపుల్లో డస్ట్ కలెక్టర్ గురించి, అంటే మెషీన్ల దగ్గర లేచే చెక్క పొట్టును, దుమ్మును పైపులోంచి లాగేసే యంత్రం గురించి, ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఈ నెలలో నాకే ముగ్గురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: "డస్ట్ కలెక్టర్‌కి పైపు ఎంత సన్నగా ఉంటే అంత గట్టిగా లాగుతుంది. రెండించుల పీవీసీ చాలు. మలుపులు ఎన్నున్నా పర్వాలేదు. నేల మీద పొట్టు లేకపోతే దుమ్ము లేనట్టే. పైపుకి రాగి తీగ చుడితే నిప్పు భయం ఉండదు." హైదరాబాద్ బాలానగర్‌లో నాకు తెలిసిన కుర్రాడొకడు ఇది నమ్మి, రాణిగంజ్ నుంచి పైపులు తెచ్చి షెడ్డంతా బిగించేశాడు. అతని డబ్బు పోయింది, దుమ్ము పోలేదు. అందుకే రాస్తున్నాను.

సన్న పైపు మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. నల్లా పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరం చిమ్ముతాయి. కానీ అలాగే నొక్కి పట్టుకుని బిందె నింపి చూడండి, ఎంతసేపు పడుతుందో. ప్లేనర్ (చెక్కను చదును చేసే మెషీన్) దగ్గర లేచే దుమ్మును పట్టుకోవాలంటే మనకు కావలసింది బిందె నిండటమే, అంటే నిమిషానికి ఎంత గాలి పోతోందన్నది. దాన్నే సీఎఫ్ఎం అంటాం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని.

పొట్టు పైపులో ఆగకుండా పోవాలంటే గాలి నిమిషానికి దాదాపు 4000 అడుగుల వేగంతో కదలాలి. ఆ వేగంలో రెండించుల పైపులో పోయేది 87 సీఎఫ్ఎం. నాలుగించుల్లో 350, ఆరించుల్లో 785. పన్నెండించుల ప్లేనర్‌కి 400 అయినా కావాలి. ఆ గాలినంతా రెండించుల్లోంచి లాగేద్దామంటే డస్ట్ కలెక్టర్‌లో గాలి లాగే ఫ్యాను, అంటే బ్లోయరు, వల్ల కాదు. అంతే గాలికి పైపు వ్యాసం సగం చేస్తే ఎదురయ్యే అడ్డు రెట్టింపు కాదు, సుమారు 32 రెట్లవుతుంది.

మొన్న ఆ కుర్రాడి లైను విప్పాం. ప్లేనర్ నుంచి మూడో ఎల్బోలో (పైపు మలుపు ముక్కలో) టేకు పొట్టు గట్టిగా బిగుసుకుపోయి ఉంది. చేత్తో రాలేదు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీశాం. మోటారు వేడెక్కడం లేదు కదా, అంతా బాగుందనుకున్నాడట పాపం. గాలి ఆగిపోతే ఈ రకం బ్లోయరుకి పని తగ్గి ఆంప్స్, అంటే మోటారు లాగే కరెంటు, పడిపోతాయి. చల్లగా ఉన్న మోటారు ఇక్కడ మంచి గుర్తేమీ కాదు.

రెండించుల గొట్టం పనికొచ్చే చోటు ఒకటుంది. వాక్యూమ్ క్లీనర్‌లో లాగే బలం ఎక్కువ, గాలి తక్కువ. రౌటర్‌కి (చెక్కలో గాడి తీసే మెషీన్), చేతి సాండర్‌కి (చెక్కను నున్నగా రుద్దే మెషీన్) అది సరిపోతుంది. బ్లోయరు సంగతి వేరు, రెండింటినీ కలపకండి. అలాగని భయపడి ఎనిమిదించులు వేసినా తప్పే. 350 సీఎఫ్ఎం గాలి అందులో నిమిషానికి వెయ్యి అడుగులకు పడిపోతుంది, పొట్టు పైపు అడుగునే పేరుకుంటుంది. చిన్న షెడ్డుకి, బ్లోయరు అంత గాలి ఇచ్చేదైతే, మెయిన్ లైను 160 ఎంఎం (సుమారు ఆరించులు) వేసుకుని, మెషీన్ దగ్గర మాత్రం పొట్టిగా 110 ఎంఎం (నాలుగించుల పైచిలుకు) దించుకోవచ్చు. ఒక్కో మెషీన్ పైపుకి గాలి ఆపే గేటు ఒకటి పెట్టి, నడిచే మెషీన్‌దే తెరవండి.

మలుపుల సంగతి: ప్రతి ఎల్బో కొన్ని అడుగుల పైపు అదనంగా వేసినట్టే. ఒక 90 డిగ్రీల ఎల్బోకి బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు, మధ్యలో చిన్న ముక్క వేయండి. పైపులు కలిసే చోట నిలువుగా తగిలే టీ (T) ముక్క వద్దు, గాలి పోయే వైపుకి వాలిన వై (Y) ముక్క వేయండి. ముడతల గొట్టం నున్నటి పైపు కంటే రెండు మూడు రెట్లు అడ్డుపడుతుంది, మూరెడు చాలు.

నేల శుభ్రం గురించి చెప్పేటప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. పొద్దున షట్టర్ సగం ఎత్తి, సందులోంచి పడే ఎండలో చూడండి. నేల అద్దంలా ఉన్నా ఆ వెలుగులో పొగలా తేలుతుంటుంది. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపు. ఊపిరితిత్తుల లోపలికంటా పోయే దుమ్ము 10 మైక్రాన్ల కంటే తక్కువ. అది చీపురుకి దొరకదు, కలెక్టర్‌కి తగిలించిన పలుచటి బట్ట సంచిలోంచి మళ్లీ గదిలోకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది, ముఖ్యంగా ముక్కు లోపల, దాని పక్కనుండే సైనస్ గదుల్లో వచ్చే క్యాన్సర్‌కి. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన బోర్డు) కోసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక రాగి తీగ. పీవీసీలో కరెంటు పారదు. కాబట్టి పైన చుట్టిన తీగ తనకు తగిలిన చోట తప్ప మిగతా పైపు మీది ఛార్జిని దించలేదు. ఏప్రిల్ పొడి గాలిలో పైపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది, వానాకాలంలో తగ్గుతుంది. పెద్ద ఫ్యాక్టరీ లైనైతే జీఐ (జింకు పూసిన ఇనుప రేకు) డక్టు వేసి, సరిగ్గా ఎర్తింగ్ చేయించాల్సిందే. మన చిన్న షెడ్లలో నేను ఎక్కువ భయపడేది మేకుకి. పాత చెక్కలోని మేకు బ్లేడుకి తగిలి రవ్వ లేస్తే, అది పైపులోంచి నేరుగా పొట్టు సంచిలోకి పోతుంది. అక్కడ గంటల తరబడి లోలోపల రాజుకుంటుంది. పాత కలప కోసిన రోజు సంచి ఖాళీ చేసి, పొట్టును మూత ఉన్న ఇనుప డ్రమ్ములో షెడ్డు బయట పెట్టి, ఆ తర్వాతే షట్టర్ దించండి.