సవరణ: పెరిగేది నాడీకణాలు కాదు, వాటి సంధులు
సముద్రపు నత్త అప్లీషియాలో దీర్ఘకాలిక జ్ఞాపకం ఏర్పడేటప్పుడు కొత్త నాడీకణాలు పుడతాయని కిందటి టపాలో రాశాను, అది తప్పు. 2000లో నోబెల్ బహుమతి అందుకున్న నాడీశాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ బృందం ప్రచురించిన పరిశోధనల ప్రకారం, పెరిగేది కణాల మధ్య ఉండే సంధుల (సినాప్స్‌ల) సంఖ్య మాత్రమే. ప్రేరణ పదేపదే అందినప్పుడు, సెరటోనిన్ అనే నాడీ రసాయనం ప్రభావంతో కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి, దానివల్ల చురుకైన ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్ కేంద్రకంలోకి చేరి, క్రెబ్ అనే ప్రోటీన్ ద్వారా జన్యువులను పనిచేయిస్తుంది. అలా తయారైన కొత్త ప్రోటీన్ల వల్లనే ఒక్కో జ్ఞాననాడీకణానికి (స్పర్శ వంటివాటిని గ్రహించే కణానికి) సంధులు ఏర్పరిచే కొనలు సుమారు 1,300 ఉన్నవి దాదాపు 2,700కు పెరుగుతాయి. కొద్ది నిమిషాల జ్ఞాపకానికి జన్యువులను పనిచేయించడం, కొత్త ప్రోటీన్లు తయారుకావడం అక్కర్లేదు, ఉన్న ప్రోటీన్లలో మార్పు చాలు. ఎలుకల మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త కణాలు పుట్టడం వేరే విషయం. నేను రెంటినీ కలిపేశాను.