ట్రయల్ అయితే పర్మిషన్ వచ్చినట్టేనా?

వారంలో నాలుగోసారి అదే మెసేజ్. గాజువాక ఫ్రెండ్స్ గ్రూపులో రెండుసార్లు, రాజాం చుట్టాల గ్రూపులో రెండుసార్లు. "గడ్డిమందుకి చావని పత్తి విత్తనం వచ్చేసింది, ఫీల్డ్ ట్రయల్స్ అయిపోయాయి, పర్మిషన్ ఉన్నట్టే, కూలీ ఖర్చు మిగులు, మందు ఎంత కొట్టినా భయం లేదు, వద్దనేవాళ్లు రైతు వ్యతిరేకులు" అని.

చివరిదానికి జవాబు అక్కర్లేదు, మా నాన్న రైతే.

భయం లేనిది పత్తి మొక్కకి, కొట్టే మనిషికి కాదు. ఈ పత్తి మీద కొట్టే గడ్డిమందు గ్లైఫోసేట్. దానికి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ 2015లో అంది, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కాదంది, ఆ గొడవ తేలలేదు. అది తేలకపోయినా గాలికి పక్క చేలో మామూలు పత్తి మీద పడితే మాడిపోతుంది కదా, ఆ నష్టం ఎవరు కడతారు? అమెరికాలో ఏటా ఇదే మందు కొట్టి కొట్టి తోటకూర జాతి కలుపు ఒకటి మందుకి లొంగకుండా తయారైంది.

అసలు ఒళ్లు మండేది పర్మిషన్ మాటకి. ట్రయల్ అంటే పరీక్ష. చుట్టూ దూరం వదిలి వేసి, కొలిచి, పంట బయటికి పోకుండా చూసుకునే పరీక్ష, దానికే జన్యుమార్పిడి పంటల్ని చూసే కేంద్ర కమిటీ జీఈఏసీ ఒప్పుకోవాలి, రాష్ట్రం కూడా ఎన్ఓసీ ఇవ్వాలి. పరీక్ష రాసినవాడు పాసైపోయినట్టేనా? మన దేశంలో సాగుకి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పత్తి పురుగుని తట్టుకునే బీటీనే, 2002 నుంచి. గడ్డిమందు తట్టుకునే రకం మీద మహికో అనే విత్తనాల కంపెనీ పెట్టిన అప్లికేషన్‌ని 2016లో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. మరి గడ్డిమందుకి చావదంటూ బీజీ త్రీ పేరుతో చేతిలో పెడుతున్న ప్యాకెట్ ఎక్కడిది? అందులో ఏ జన్యువు ఉందో, మొలుస్తుందో లేదో గ్యారంటీ ఇచ్చేవాళ్లు లేరు, మొలకెత్తకపోతే ఎవరి మీద కేసు వేస్తావు? అప్పు చేసి కొన్న విత్తనం మీద ఇలాంటి మాట ఫార్వర్డ్ చేయడానికి మనసెలా వస్తుంది?

కూలీ మాట మాత్రం నిజం. వానలు పడ్డాక అందరికీ ఒకేసారి మనుషులు కావాలి, దొరకరు, వంగి కలుపు తీసి తీసి మా అమ్మ నడుము పోయింది. అందుకే ట్రయల్స్ ఆపేయమనేవాళ్ల వైపు కూడా నేను లేను, జరగాలి, ఫలితం ఏదైనా తెలుగులో ఊళ్లో చెప్పాలి. ఏళ్ల తరబడి ఎటూ తేల్చకపోవడం వల్లే దొంగ విత్తనానికి ఇంత గిరాకీ.

నిన్న మా బావ ఆ ప్యాకెట్ తీసుకుంటూ బిల్లు అడిగాడట. "దీనికి బిల్లు ఉండదు" అన్నాడట అమ్మేవాడు. బావ కొనకుండా వచ్చేశాడు.